రోడ్డుకు దక్షిణాన పండిన వంకాయ

పిల్లలు తమ ఊళ్ళో పండిన కూరలే తినాలని ప్రభుత్వం తీర్మానించింది. దాసరిపట్టి బడి పిల్లలు చాలా ఏళ్ళుగా తమ ఊళ్ళో పండిన కూరలే తింటున్నారు కాబట్టి, పథకాన్ని అమలు చేయాలంటే ముందు దాన్ని ఆపవలసి వచ్చింది.

అలా ఆపవలసి వచ్చిన కూరలు సుధాలక్ష్మివి. తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి తాయిల్‌పట్టి వైపు పోయే ఒక సన్నటి తారురోడ్డుకు దక్షిణాన ఆమె చేను, ఉత్తరాన బడి. చేలో నిలబడి పిలిస్తే బడిలో వంటచేసే పాండీశ్వరి పలుకుతుంది. చేనుకూ బడికీ మధ్య రోడ్డు కాక ఇంకొకటి కూడా ఉంది. అది జిల్లా సరిహద్దు. చేను కోవిల్‌పట్టి తాలూకాలో ఉంది, అంటే తూత్తుకుడి జిల్లా. బడి విరుదునగర్ జిల్లా. (వాన వచ్చినప్పుడు రెండు జిల్లాలూ కలిసే తడుస్తాయి. ఇందుకు ఎవరి అనుమతీ తీసుకున్నట్టు దాఖలాలు లేవు.)

సుధాలక్ష్మి చేనుకు మందు కొట్టడం ఎప్పుడో మానేసింది. ఒక ఏడు ఆమె భర్త చెల్లసామి పత్తికి మందు కొడుతూ కొడుతూ గట్టు మీద కూలబడ్డాడు. కోవిల్‌పట్టి ఆసుపత్రిలో కళ్ళు తెరిచాడు గాని, అప్పటినుంచి చేతులు వణుకుతాయి, మాట కూడా తగ్గిపోయింది. అతన్ని ఇంటికి తెచ్చుకున్న రోజునే ఆమె మందుకొట్టే పంపును పాతసామాన్ల వాడికిచ్చేసింది.

"పురుగు తినేది పురుగు తిననీ. మిగిలింది మనం తిందాం," అంది.

ఆమె సేంద్రియ వ్యవసాయ విధానం మొత్తం ఇంతే. దానికి ఆ పేరు ఉందని తర్వాత ఆఫీసుల్లో చెప్పారు. ఎండాకాలంలో నల్లరేగడిలో గొర్రెల మంద కట్టించేది. వేపగింజలు నానబెట్టి ఆ నీళ్ళు చల్లేది. వాన మీదే పండే మానావారిలో సజ్జ, మినుము, బావి పక్కన వంకాయ, బెండ, తోటకూర, గట్టు పొడవునా ములగ. ఇద్దరికి ఎంత కావాలి? మిగిలింది కోవిల్‌పట్టి సంతకు పోయేది.

బడికి కూర పోవడం ఎట్లా మొదలైందో చెప్పాలంటే, ఒకరోజు పాండీశ్వరి గరిటె చేత్తో పట్టుకునే రోడ్డు దాటి వచ్చింది. "అత్తా, సాంబార్లో నా మొగం కనబడతా ఉండాది. గుప్పెడు ములగాకు ఇస్తావా?" అని అడిగింది. సుధాలక్ష్మి గంపెడు కోసిచ్చింది. ఆ ఊళ్ళో తల్లులు చాలామంది తెల్లారకముందే వ్యాను ఎక్కి టపాకాయల పనికి పోతారు. పిల్లలు పొద్దున ఏదో ఇంత నోట్లో వేసుకుని బడికి వస్తారు. వాళ్ళకు కడుపునిండా తిండి అంటే మధ్యాహ్నం బడిలో తినేదే. ఆ సంగతి పాండీశ్వరికీ తెలుసు, సుధాలక్ష్మికీ తెలుసు. మర్నాటినుంచి పాండీశ్వరి అడగనే లేదు. పొద్దున్నే గంప గట్టు మీద ఉండేది, ఆమె వచ్చి ఎత్తుకుపోయేది.

ఇట్లాంటి ఏర్పాటు ఏ అధికారి ప్రమేయమూ లేకుండా ఇన్నేళ్ళు నడవడం పరిపాలనకు మంచిది కాదు. అందువల్ల 'మన మన్ను, మన పళ్ళెం' అనే పథకం వచ్చింది. దగ్గరి సేంద్రియ రైతుల పంటను బళ్ళకు చేర్చడం దాని ఆశయం. దానికి ఒక యాప్ పెట్టారు. వంటచేసే మనిషి కూర కోసిన చోటే దాన్ని ఫోటో తీసి పంపాలి. పాండీశ్వరి సంతోషంగా రోడ్డు దాటి వచ్చి, గంపెడు వంకాయలను, వాటి వెనక సిగ్గుపడుతూ నిలబడ్డ సుధాలక్ష్మిని ఫోటో తీసి పంపింది. యాప్ కాసేపు గిరగిరా తిరిగి, ఎర్రబడి, 'ఈ కాయ ఈ జిల్లాది కాదు' అని తేల్చింది.

వారం తిరగకుండా పాండీశ్వరికి మెమో వచ్చింది. అన్య జిల్లాకు చెందిన ఆకుకూరలను చాలాకాలంగా సాంబారులో ప్రవేశపెడుతున్నందుకు ఆమెను ఉద్యోగం నుంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమన్నారు. పాండీశ్వరి మొగుడు లేని మనిషి, ఆమె ఇల్లు ఆ ఉద్యోగం మీదే నడుస్తుంది. మెమో చదివించుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుని, వచ్చి గట్టు మీద కూర్చుంది.

"నీ కూర ఇంక వద్దత్తా," అంది.

"కూరకేమొచ్చింది?"

"కూరకేం రాలేదు. నాకొచ్చింది."

మంచికని ఇచ్చిన ఆకు ఒక మనిషి పొట్ట మీదికి వచ్చింది. మర్నాడు సుధాలక్ష్మి మంచి చీర కట్టుకుని కోవిల్‌పట్టి బస్సెక్కింది.

కోవిల్‌పట్టి ఆఫీసులో ఆమెను చాలా మర్యాదగా చూశారు. చేను మా పరిధిలోనిదే, సేంద్రియమని రాసిస్తాం అన్నారు. అయితే ఆమె మందు వాడటం లేదని రుజువు కావాలి. వాడనిదానికి రుజువేమిటని ఆమె అడిగింది. మానేసిన మందు ఏదో, ఏ కొట్లో కొనడం మానేశారో, ఆ కొట్టువాడు 'ఈమె మా దగ్గర కొనడం లేదు' అని రాసిస్తే చాలన్నారు. (ఆ కొట్టువాడు పెద్దమనిషి. 'ఈమె నా దగ్గర ఏమీ కొనకుండా ఎంతో నమ్మకంగా ఉంటున్నారు' అని రాసిచ్చాడు.) దాంతో సేంద్రియ పత్రం వచ్చింది. కాని దాంతో తూత్తుకుడి జిల్లా బళ్ళకు మాత్రమే కూర పోవచ్చు. ఆ జిల్లాలో ఆమె చేనుకు దగ్గరి బడి, రెండు బస్సులు మారితే వస్తుంది.

"ఎదురుగా ఉండే బడికి?"

"అది ఎదురుగా ఉందమ్మా. దగ్గరగా లేదు," అన్నారు.

ఈ వాక్యాన్ని సుధాలక్ష్మి విరుదునగర్ బస్సులో సాత్తూరు దాటేదాకా నెమరేసుకుంటూ కూర్చుంది.

విరుదునగర్‌లో ఆమెకు శివరామన్ అనే స్థానికతా నిర్ధారణ అధికారి దొరికాడు. ఏది ఈ జిల్లాది, ఏది కాదు అని తేల్చడం అతని పని. మెత్తటి మనిషి, ముప్పై దాటి ఉంటాయి. ఆమె చెప్పిందంతా విని, పటం పరిచి, దాసరిపట్టి రోడ్డును వేలితో వెతికి పట్టుకున్నాడు. ఆ వేలు రోడ్డుకంటే వెడల్పుగా ఉంది. అతని వేలి కింద చేనూ బడీ రెండూ మునిగిపోయాయి.

"దారి ఉందమ్మా," అన్నాడు తమిళంలో. "పక్క జిల్లా కూరగాయ మా జిల్లాలో గుర్తింపు పొందిన చోట మూడు రాత్రులు నివాసం ఉంటే, దాన్ని మేం స్థానికంగానే చూస్తాం."

"వంకాయ నివాసం ఉండాలా?"

"ఏ కాయైనా సరే. కాయకూ కాయకూ తేడా చూపించం."

"ములగాకు మూడు రాత్రులు ఉండదు సార్. సాయంత్రానికే వాడిపోతుంది."

శివరామన్ నిజంగానే బాధపడ్డాడు. "వాడినా స్థానికంగా వాడుతుంది కదమ్మా," అన్నాడు.

పాండీశ్వరి మీది మెమో సంగతి కూడా ఆమె అడిగింది. ఇకపై అట్లా జరగదని రాసిస్తే మూసేస్తామన్నాడు. పాండీశ్వరి రాసిచ్చింది. మెమో మూసుకుంది. గంప గట్టు మీదికి రావడం ఆగింది. బడి సాంబార్లో పాండీశ్వరి మొగం మళ్ళీ కనబడసాగింది. మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు సుధాలక్ష్మి బడివైపు చూడకుండా ఏదో ఒక పని కల్పించుకునేది. బెండ మొక్కల్లో కలుపు లేకపోయినా వంగి తీసేది. చెల్లసామి ఆమెనే చూస్తూ, వణికే చేతులతో ములగాకు కట్టలు కట్టేవాడు. ఇప్పుడవన్నీ కోవిల్‌పట్టి సంతకే.

సంతలో వాటిని విరుదునగర్ వ్యాపారి పళనిసామి మనుషులు కొనేవాళ్ళు. పళనిసామి మిరపకాయల గోడౌన్ యజమాని. కొత్తగా సేంద్రియ రైతు కూడా అయ్యాడు. గోడౌన్ మేడ మీద తొట్లలో ఆయనకు కొన్ని వంగమొక్కలున్నాయి. అవి విరుదునగర్ జిల్లాలో ఉన్నాయి. ఇది ఎవరూ కాదనలేని నిజం. ఆ తొట్ల బలంతో జిల్లాలో సగం బళ్ళకు కూర సరఫరా ఆయనకు దక్కింది. కొన్న కూరలు గోడౌన్లో మూడు రాత్రులు మిరపకాయల పక్కన నివాసం ఉండి, నాలుగోనాడు స్థానికులై, వ్యాను ఎక్కి పల్లెలకు బయల్దేరేవి. వ్యాను మీద గడ్డిపరక నోట్లో పెట్టుకుని నవ్వుతున్న రైతు బొమ్మ ఉండేది. (బొమ్మలోని రైతు పళనిసామి కాదు. ఆయన ఎండలో నిలబడలేడు.)

ఆ వ్యాను ఒకనాడు దాసరిపట్టి వచ్చి, సుధాలక్ష్మి చేనువైపు వెనక్కి మళ్ళి, బడి ముందు ఆగింది. పాండీశ్వరి సరుకు దించుకుంది. కాసేపటికి ములగాకు కట్ట ఒకటి పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. ఆకు పసుపుపచ్చగా ఉంది, ముట్టుకుంటే రాలుతోంది, మిరపకాయల ఘాటు కొడుతోంది.

"మామా, ఈ ముడి నీది కాదూ?" అంది.

చెల్లసామి కట్ట అందుకున్నాడు. చేతులు వణుకుతాయి కాబట్టి అతని ముడి ఒకపట్టాన నిలవదు. అందుకని పాత చీర అంచు పేలికతో ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి వేస్తాడు. ఆ ముడి వేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. కట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాదే," అన్నాడు.

సుధాలక్ష్మి ఆ కట్టను తీసుకుని మేకకు వేసింది. మేక వాసన చూసి మొగం తిప్పుకుంది. అప్పుడు చెల్లసామి, రోజుకు నాలుగు మాటలు కూడా ఆడని మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"కూర ఆ పక్కకు పోకూడదు. అంతే గదా వాళ్ళు చెప్పింది?"

"అంతే."

"పిల్లకాయలు ఈ పక్కకు రాకూడదని చెప్పినారా?"

సుధాలక్ష్మి, పాండీశ్వరి ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

హెడ్‌మిస్ట్రెస్ ఇళవరసి కొంచెం భయపడింది. ఆ పసుపుపచ్చ ములగాకు సాంబారును ఆ పూట ఆవిడ కూడా తిన్నది కాబట్టి, ఎక్కువగా భయపడలేదు. మర్నాటి మధ్యాహ్నం పిల్లలు బడిలో అన్నం, సాంబారు, గుడ్డు పెట్టించుకుని, పళ్ళేలు రెండు చేతుల్తో పట్టుకుని, వరసగా నిలబడ్డారు. టీచరు రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తింది. అటునుంచి ఒక లారీ, ఇటునుంచి ఒక మేకలమంద ఆగాయి. పిల్లలు జిల్లా దాటారు. చేలో బావి దగ్గరి మోటారు కొట్టు నీడలో సుధాలక్ష్మి ములగాకు వేపుడు, వంకాయ పులుసు పెట్టుకుని కూర్చుంది. వడ్డించడానికి గరిటె చెల్లసామి తీసుకున్నాడు. చెయ్యి వణికి కొందరికి కొంచెం, కొందరికి చాలా పడింది. చాలా పడాలని పిల్లలు అతని చెయ్యి వణికేదాకా పళ్ళెం తియ్యకుండా నిలబడ్డారు. అతను నవ్వాడు. సుధాలక్ష్మి ఆ నవ్వు చూసి, పులుసు కలిపే పని పెట్టుకుని తల వంచుకుంది.

అట్లాగే చాలా రోజులు జరిగిపోయేది. అయితే పథకంలో ఇచ్చిన కొత్త పళ్ళేల అడుగున ఒక్కోదానికి ఒక గుర్తింపు బిళ్ళ అతికించారు. భోజనాల లెక్క తప్పకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు. విరుదునగర్ ఆఫీసులో పెద్ద తెర మీద జిల్లా పళ్ళేలన్నీ పచ్చచుక్కలుగా మెరుస్తుంటాయి. కొన్నాళ్ళుగా రోజూ మధ్యాహ్నం దాసరిపట్టి చుక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి జిల్లా విడిచిపోయి, పక్క జిల్లాలో గుమికూడి, ఖాళీ అయ్యాక తిరిగొస్తున్నాయి. పై ఆఫీసు దీనికి 'పళ్ళేల వలస' అని పేరు పెట్టింది. దీని వెనక ఏదో ముఠా ఉందని అనుమానించింది. విచారణకు శివరామన్‌ను పంపింది.

శివరామన్ సరిగ్గా భోజనం వేళకు వచ్చాడు. ముఠాను చూశాడు. ముఠా మోటారు కొట్టు నీడలో బాసింపట్లు వేసుక్కూర్చుని పులుసు జుర్రుతోంది. ముఠా నాయకుడు గరిటె పట్టుకుని వణుకుతున్నాడు. ఈసారి మెమోతో పోదని పాండీశ్వరికి తెలుసు.

"ఎవరు వీళ్ళను ఇటు రమ్మన్నది?" అన్నాడు శివరామన్, తమిళంలోనే.

"నేనే," అంది సుధాలక్ష్మి. పాండీశ్వరికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఆ అమ్మికి దీంట్లో ఏమీ సమ్మందం లేదు. కూర ఆ పక్కకు పంపలేదు సార్. ఒక్క ఆకు పంపలేదు. కావాలంటే రోడ్డు చూసుకోండి."

శివరామన్ అలవాటు కొద్దీ రోడ్డు చూశాడు. రోడ్డు మీద ఆకు లేదు. ఎండ మాత్రం ఉంది. పొద్దుటినుంచి బస్సుల్లోనే తిరుగుతున్న మనిషి. చెల్లసామి ఏమీ అడగకుండా ఒక సత్తు పళ్ళెంలో అన్నం, పులుసు పెట్టి చేతికిచ్చాడు. తనిఖీలో రుచి చూడటం కూడా ఒక భాగమని శివరామన్‌కు గుర్తొచ్చింది. నిలబడి మొదలుపెట్టాడు, రెండో ముద్దకు కూర్చున్నాడు. పళ్ళెం అడుగు కనబడేసరికి, తలెత్తకుండానే, అచ్చమైన ఇంటి తెలుగులో అన్నాడు:

"ఇంకొంచెం పులుసు ఎయ్యి పెద్దమ్మా."

అందరూ అతనివైపు తిరిగారు. శివరామన్ చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు మనోళ్ళేనా?" అంది సుధాలక్ష్మి.

"కడంబూరు పక్కన మా ఊరు. ఇంట్లో మాట్లాడేది ఇదే," అన్నాడు మెల్లిగా. "ఆఫీసులో రాదు."

"ఆ రోజు అంతసేపూ తమిళంలోనే రూలు చెప్తివే నాయనా."

"రూలు చెప్పేది ఆఫీసు పెద్దమ్మా. తినేది నేను."

పులుసు పోసింది. అతను చేతులు కడుక్కుని, మళ్ళీ తమిళంలోకి, ఉద్యోగంలోకి వెళ్ళి చాలాసేపు ఆలోచించాడు. కూరను బడికి పంపడానికి వీల్లేదు. భోజనాన్ని జిల్లా దాటించడానికీ వీల్లేదు. కాని పిల్లలు పక్క జిల్లాకు విజ్ఞానయాత్ర పోవడానికి అనుమతి ఉంది, ఏడాదిలో ఇన్నిసార్లే పోవాలనే నిబంధన ఎక్కడా లేదు. అక్కడే గట్టు మీద కూర్చుని ఉత్తర్వు రాసి సంతకం పెట్టాడు. ప్రతి పనిదినమూ మధ్యాహ్నం దాసరిపట్టి బడి పిల్లలు తూత్తుకుడి జిల్లాకు విజ్ఞానయాత్ర వెళ్ళి సేంద్రియ కూరగాయలను పరిశీలించవచ్చు. యాత్రలో పళ్ళేలు వెంట ఉండవచ్చు. బయటి ఆహారం తినరాదు.

"తినకూడదా?" అంది సుధాలక్ష్మి.

"తినకూడదు. పరిశీలించాలి." కలం జేబులో పెట్టుకున్నాడు. "ఎంత బాగానైనా పరిశీలించచ్చు."

ఆ రోజునుంచి ఇళవరసి టీచరు రిజిస్టరులో రోజూ రాస్తోంది: నేడు పరిశీలించినది బెండకాయ. నేడు పరిశీలించినది తోటకూర. కొందరు పిల్లలు రెండోసారి కూడా పరిశీలించారు. పాండీశ్వరి ఉద్యోగం నిలిచింది. చెల్లసామికి వడ్డన ఖాయమైంది. మాటలు కూడా కొన్ని తిరిగొచ్చాయి, ముఖ్యంగా వంకాయ పక్కకు నెట్టేవాళ్ళను గదమాయించడానికి. సంక్రాంతికి ముందు బడికి వచ్చిన నర్సు పిల్లల్ని తూకం వేసి, యంత్రం బాగుందో లేదో అని తాను కూడా ఎక్కి చూసుకుంది.

బడిలో మాత్రం పళనిసామి వ్యాను తెచ్చిన స్థానిక కూరలు స్థానికంగానే మిగిలిపోతున్నాయి. పాండీశ్వరి నిజాయితీ గల మనిషి. యాప్‌లో 'మిగిలినది' అన్నచోట రోజూ ఉన్నదున్నట్టు పంపింది. విరుదునగర్‌లో ఈ లెక్కలన్నీ కూడి, తీసివేసి, నిపుణులు ఒక నిర్ణయానికి వచ్చారు. దాసరిపట్టి పిల్లలకు కూరగాయలంటే పడదు. ఇది పోషకాహార లోపానికి దారితీయగలదు. ఆ పిల్లలకు కూరగాయల మీద ఇష్టం కలిగించడానికి సరవణకుమార్ అనే అవగాహన అధికారిని పంపారు.

అతను మైకు, బ్యానరు, క్యారెట్టు బొమ్మ ఉన్న టోపీ తెచ్చుకుని మధ్యాహ్నం దిగాడు. బడి వరండాలో పాండీశ్వరి ఒక్కతే అండా తోముకుంటోంది. పిల్లలేరని అడిగాడు.

"ఆ పక్కన ఉండారు సార్. పిలిస్తే పలుకుతారు."

"ఏం చేస్తున్నారు?"

"కూర తిం..." అని నాలుక కరుచుకుంది పాండీశ్వరి. "కూరలు పరిశీలిస్తా ఉండారు. విజ్ఞానయాత్ర. ఉత్తర్వు ఉండాది."

సరవణకుమార్ ఉత్తర్వు చూశాడు. సంతకం సరిగ్గానే ఉంది. ఉత్తర్వు ప్రకారం జరుగుతున్న యాత్రకు ఆటంకం కలిగించే అధికారం తనకు లేదు. తాయిల్‌పట్టిలో ఇంకో కార్యక్రమం ఉంది కాబట్టి ఆగే వీలూ లేదు. రోడ్డుకు అవతలనుంచి పిల్లల గోల, గరిటె చప్పుడు, ఇంగువ తాలింపు వాసన గాలిలో వస్తున్నాయి. అతను బ్యానరు కట్టి, టోపీ పెట్టుకుని, ఖాళీ బల్లలకు ఎదురుగా నిలబడి, కూరగాయలు తినడం వల్ల కలిగే లాభాల మీద పూర్తి ప్రసంగం చేశాడు. పాండీశ్వరి చేత ఫోటో తీయించుకున్నాడు.

పిల్లలు ఒక్క మాటైనా మాట్లాడకుండా, ఎంతో క్రమశిక్షణతో విన్నారని నివేదికలో రాశాడు.